బోసి చేతుల గది

ఏప్రిల్ 26, 2007

టైల్స్ అయిపోయాయి. గోడ సగం దాకా తెల్లగా, దవాఖానా లెక్క. మేస్త్రీ వెళ్తూ వెళ్తూ... "అమ్మా, ఇంత తెల్ల గదిల తొక్కు పెడ్తరా, ఆపరేషన్లు చేస్తరా?" నవ్వొచ్చింది. నవ్వలేదు. నవ్వితే పని అయిపోయిందని ఒప్పుకున్నట్టు, ఆ మూల ఒంకర టైలు అట్లాగే వదిలేసి పోతాడు.

మా పొదుపు సంఘం పచ్చడి ఇన్నాళ్లూ మా వాకిట్లోనే. చాపలు, వేపచెట్టు నీడ, కోళ్లను అదిలించడానికి ఒక మనిషి. ఇప్పుడు పట్నం దుకాణాల వాళ్లు కొంటామంటున్నారు. కానీ సీసా మీద పచ్చళ్లకు సర్కారు ఇచ్చే ఎఫ్‌పీవో గుర్తు ఉండాలట. గుర్తు కావాలంటే గది కావాలి, జాలీ కిటికీలు కావాలి, నీళ్ల పరీక్ష కావాలి, ఇన్‌స్పెక్టరు సరేననాలి.

తలుపు వేసి లోపల ఒక్కదాన్నే నిలబడి వాసన చూశాను. సిమెంటు. ఆవపిండి వాసన ఈ గోడలకు ఎప్పుడు పడుతుందో.

ఏప్రిల్ 29, ఆదివారం

మందిరంలో పాస్టరుగారు కొత్త గది కోసం ప్రార్థన చేశారు. దారిలో మా ఆయన — "టైల్స్ సంగతి గూడ దేవుడే చూడాల్నా?" ఈయన పామాయిల్ మిల్లులో పని. ఇంటికొచ్చాక చొక్కా విడిస్తే అది నిలబడేంత జిడ్డు. శుభ్రం గురించి ఈయన మాట్లాడాలి మరి!

మే 2

ఇన్‌స్పెక్టర్ సారు వచ్చాడు. చిన్న వయసే. చెప్పులు బయట విడిచి లోపలికొచ్చాడు, అప్పుడే నచ్చాడు. నీళ్ల ట్యాంకు మూత ఎత్తి చూశాడు, జాలీని వేలితో నొక్కి చూశాడు. ఒంకర టైలు కూడా చూశాడు, వదిలేశాడు.

గోళ్లు కత్తిరించాలి. తలకు టోపీ. తలలో పూలు వద్దు. గాజులకు వేలాడేసే పిన్నీసులు వద్దు. అన్నిటికీ తలూపాను. ఆఖర్న — "మోచేతి కింద ఏమీ ఉండకూడదమ్మా. గాజులు, ఉంగరాలు... ఏమీ. పచ్చడిలోకి మోచేతి దాకా వెళ్తాయి కదా చేతులు."

"గాజులు గూడనా సారూ?"

"గాజులే ముఖ్యం. ఒక్క ముక్క సీసాలోకి పోతే, తినేవాళ్ల గొంతులో దిగుతుంది. మీ చేతుల్లాగా ఉండాలి, అంతే."

నా చేతులు చూసుకున్నాను. మా విశ్వాసుల్లో ఆడవాళ్లం నగలు పెట్టుకోం, గాజులు కూడా. పెళ్లిళ్లకు పోతే ఈ బోసి చేతుల్ని చూసి పసుపు గిన్నె పక్కకు జరిపిన వాళ్లున్నారు. ఈరోజు ఒక సర్కారు మనిషి వీటిని చూపించి ఇట్లా ఉండాలన్నాడు. సంతోషపడాలో లేదో తెలియలేదు.

మే 3

చెప్పాను. సంఘంలో అందరికీ, గాజుల సంగతి. అందరూ ఒకేసారి అందుకున్నారు.

"మొగడు బతికుండంగ గాజులు తీసుడేంది?"

"నీకేం సలోమక్కా, మీరు ఏసుకోరు."

"సారుకు పెండ్లాం లేదా? ఆమెను తియ్యమను ముందుగల."

అందరికంటే ఆఖర్న రాములమ్మ. గొంతు పెంచదు ఎప్పుడూ. "అక్కా, ఆయన ఉన్నడు గద."

ఉన్నాడు. అంటే, లేడని ఎవరూ చెప్పలేదు. వెంకటి బోరు బండి మీద కూలికి ఒరిస్సా దిక్కు పోయాడు. ఇది మూడో ఎండాకాలం. ఫోను లేదు, కబురు లేదు. ఆ బండి ఓనరును అడిగితే — మధ్యలోనే దిగిపోయిండమ్మా, వేరే బండి ఎక్కిండేమో. పోయే ముందు శ్రీరామనవమికి భద్రాచలం తీసుకుపోయి, దగ్గర కూర్చుని వేయించాడట ఆ ఆకుపచ్చ గాజులు. వాటిని ఆమె మార్చలేదు.

సంఘంలో కలుపు చేయి రాములమ్మదే. ఆమె కలిపితేనే అది మా పచ్చడి.

మే 4

పొద్దున్నుంచీ అమ్మే గుర్తొస్తోంది.

ఇంకా మేము మందిరానికి పోని రోజులు. నాకు ఏడేళ్లో ఎనిమిదేళ్లో. ఆవకాయ నాడు అమ్మ తలకు పోసుకుని, తడి జుట్టు ముడేసి, పెద్ద బేసిన్ ముందు మోకాళ్ల మీద కూర్చునేది. కారం, ఆవపిండి, ఉప్పు... నూనె నేను పోసేదాన్ని, సన్నటి ధారగా. అమ్మ చేతులు లోపల తిరుగుతుంటే గాజులు ఒకదానికొకటి తగిలి, బేసిన్ అంచుకు తగిలి... ముందు గలగలా, నూనె పట్టాక మెత్తగా. ఆ చప్పుడు మెత్తబడిందంటే పచ్చడి కలిసిందని లెక్క. నాన్న బయట నుంచే "అన్నం పెట్టు, అయిపోయింది" అనేవాడు.

ఒకసారి అన్నంలో ఆకుపచ్చ గాజుముక్క వచ్చింది నాకు. ఏడుపు మొహం పెడితే అమ్మ నవ్వి — ముక్క ఎవరికొస్తే వాళ్లకు ముందు పెండ్లి! నాకంటే ముందు ఇద్దరక్కల పెళ్లిళ్లు అయ్యాయి. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. మింగి ఉంటే? సారు చెప్పిందే నిజం.

బాప్తిస్మం నాడు వాగు ఒడ్డున అమ్మ గాజులు తీసేసింది. నాన్న పక్కనే నిలబడ్డాడు, ఆయన కూడా తడిబట్టలతోనే. అయినా చుట్టుపక్కల ఆడవాళ్లు వచ్చి కూర్చున్నారు, ఎవరో పోయినట్టు. ఆ ఏడు ఆవకాయ చప్పుడు లేకుండా కలిసింది. నాకది ఇష్టం కాలేదు. అమ్మకు చెప్పలేదు.

పాస్టరుగారికి చెప్పేది కాదు గానీ... రాములమ్మ కలిపేటప్పుడు పని లేకున్నా పోయి ఆమె పక్కన కూర్చునేదాన్ని. ఆ చప్పుడు కోసమే.

మే 7

ముక్కలు కొట్టే పని బయట పందిట్లో నడుస్తోంది. కాయ బాగుంది, పులుపు, పీచు. గాజుల మాట ఎవరూ ఎత్తడం లేదు. మంచిదే. నాకు తెలియకుండా ఏదో అనుకుంటున్నారు. అది మంచిది కాదు.

మే 9

ఈరోజు జరిగింది రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

సారు ముందు కలిపి చూపించాలి. తెల్లకోట్లు వేసుకుని వరసగా వచ్చారు. రాములమ్మ రాలేదు, కుళాయి దగ్గరే కాయలు కడుగుతోంది. మిగతావాళ్ల చేతులకు గాజుల్లేవు! నా గుండె పొంగింది. అంతలో చూస్తే ప్రతి మణికట్టుకూ పసుపు దారం. ఒక్కొక్కరికి నాలుగైదు పేటలు. గాజులు పోయినప్పుడు చేయి బోసిగా ఉండకూడదని కట్టుకునేది.

సారు చూశాడు. "ఇదేంటమ్మా?"

యశోద ముందుకొచ్చింది. అందరిలోకీ చిన్నది, నోరు పెద్దది. "గాజు కాదు సారూ. దారం. పగులదు."

సారు కలపమన్నాడు. కలిపారు. అయ్యాక యశోద చేయి బేసిన్ మీదికి చాపమని, ఆ దారాన్ని రెండు వేళ్లతో పిండాడు. నూనె, కారం, పసుపు, చెమట... ఎర్రటి నీళ్లు బొట్లుబొట్లుగా. నాలుగు రోజుల నుంచి కట్టుకునే ఉన్నారట, స్నానానికీ గిన్నెలకీ అన్నిటికీ. వాసన నా దాకా వచ్చింది.

సారు నవ్వాడు. మేమూ నవ్వాం. సంతకం పెట్టలేదు. మళ్లీ వస్తానన్నాడు.

ఆ బేసిన్ పచ్చడి మొత్తం పారబోయించాను. యశోద ఏడ్చింది. తిట్టాను. ఆ తర్వాత బజ్జీలు తెప్పించి పెట్టాను.

మే 10

దారి దొరికింది! యశోదే చెప్పింది. ఎప్పుడూ పిన్నీసులు పుస్తెలతాడుకు పెట్టుకుంటాం కదా, గాజులు గూడ గట్లనే తాడుకు కట్టి మెడల ఏసుకుంటే? పైన కోటు, గొంతు దాకా గుండీలు. చేతికి కాకపోతే మెడకు.

సారుకు ఫోను చేశాను. ఆయన అడిగింది ఒక్కటే — "గుండీలు తియ్యరుగా?" తియ్యరన్నాను. సరేనన్నాడు.

నిన్న దారాలు తెంచి అందరూ గాజులు మళ్లీ ఎక్కించుకున్నారు, మధ్యాహ్నం వాటిని తీయడానికి మా వాకిలి గాజుల అంగడైంది. సబ్బు నీళ్లు, నూనె, ఒకరి చేయి ఒకరు పట్టుకుని బొటనవేలు లోపలికి ముడిపించి, మెల్లగా, మెల్లగా... ఒకామె కెవ్వుమంటే అందరూ నవ్వడం. ఎన్నాళ్లయింది ఈ వాకిట్లో అంత నవ్వు విని. గదికి మారాక ఇక్కడ కోళ్లు తప్ప ఎవరూ లేరు.

రాములమ్మ కూడా కూర్చుంది. చేయి నా చేతికిచ్చింది. పల్లీ నూనె రాశాను, సబ్బు రాశాను. పని చేసీ చేసీ ఎముకలు లావయ్యాయి. గాజు బొటనవేలి కణుపు దగ్గర ఆగిపోయింది. ఇంకొంచెం నొక్కితే చిట్లుతుంది, నాకు తెలుస్తూనే ఉంది.

"వద్దక్కా. పగులుతయి."

వదిలేశాను. ఆమె చేయి తుడుచుకుని లేచి కాయలు కడగడానికి పోయింది.

మే 12

మామిడికాయ ఉన్నంత కాలం పరవాలేదు. కడగడం, తుడవడం, ముక్కలు కొట్టడం — బయట పనుంది. జూన్ దాటితే నిమ్మకాయ, అల్లం, వెల్లుల్లి. అంతా లోపల పనే. గదిలోకి రాలేని మనిషికి పని లేదు. లోపల ఉండేవాళ్ల పేర్లు ముందే చెప్పమన్నాడు సారు, వాళ్లకు డాక్టరు పరీక్ష చేయించాలట.

రాములమ్మ ఇల్లు ఈ పని మీదే నడుస్తోంది. ఆమెకు తెలుసు. నేను చెప్పక్కర్లేదు. కానీ చెప్పాల్సింది నేనే.

ఇంకోటి. కలపాలెవరు? మిగతావాళ్లకు ఆ చేయి లేదు. ఉన్నది సుభద్ర వదినకు. కానీ వదినకు భర్త పోయి చాలా ఏండ్లు. మొదటి కలుపు నాడు ఎవరూ రావద్దనకముందే తానే దూరంగా పోయి, కుళాయి దగ్గర కూర్చునే మనిషి. పొద్దున పిలిచాను.

"నన్నా? నేను కలిపితే వీళ్లు తింటరా సలోమీ?"

కుళాయి దగ్గర నుంచి రాములమ్మ అంది — "ఇప్పుడు గాజుల్లేని చేతులకే పని."

అనగానే నాలుక కరుచుకుంది. వదిన వినలేదన్నట్టు టోపీ పెట్టుకుంది. విన్నది.

మే 16

సారు సంతకం పెట్టాడు!! సీసాల మీద గుర్తు వస్తుంది.

వదిన కలుపుతుంటే సారు చేతులే చూశాడు. గోళ్లు, మణికట్టు, మోచేయి. "చాలా బాగున్నాయమ్మా మీ చేతులు." శుభ్రం గురించే అన్నాడు పాపం. వదిన బయటికొచ్చి గోడవైపు తిరిగి నిలబడింది. అటు తిరిగే — "ఆయన పోయిన కాడి నుంచి ఈ చేతుల్ని ఎవ్వరూ చూడలే సలోమీ. జూసినా మొకం తిప్పుకున్నరు." వదిన టోపీ సరిచేశాను.

గదిలో తినకూడదు. కానీ కలిపిన బేసిన్ కడిగేస్తామా, అట్లా ఎట్లా? బయటికి తెచ్చి వేడన్నం వేసి, అడుగున అంటుకున్న పచ్చడితో కలిపి ముద్దలు. అమ్మ ఇట్లాగే పెట్టేది, వరసగా చేతులు చాపితే, కుదురుగా లేని వాళ్లకు చిన్న ముద్ద. నేను చిన్నదాన్ని కాబట్టి అల్లరి చేసినా పెద్ద ముద్దే వచ్చేది నాకు.

రాములమ్మను పిలిచాను. చేయి కడుక్కున్నానంది. వదినే ముద్ద పట్టుకుపోయి చేతిలో పెట్టింది. తిన్నది. "ఉప్పు సరిపోయింది" అంది. అంతే.

మే 19

గది నిశ్శబ్దంగా ఉంది. ఫ్యాను చప్పుడు, తెడ్డు చప్పుడు. శుభ్రంగా ఉంది, చల్లగా ఉంది, ఈగ లేదు. పచ్చడి మంచిగా వస్తోంది. ఇంకేం కావాలి నాకు?

మే 22

రాములమ్మ జాలీ కిటికీ బయట నిలబడి లోపలికి ఆర్డర్లు వేస్తోంది. "మెంతి మాడింది గద." "నూనె సల్లారిందా?" వదిన "అవ్, అవ్" అంటూ వింటోంది. యశోద నవ్వాపుకోలేక కోటు నోట్లో కుక్కుకుంది. కోటు నోట్లో పెట్టుకోవద్దని మళ్లీ నా అరుపు.

అరిచేశాక ఎందుకో బాగనిపించింది. పాత రోజుల్లాగా ఉంది.

మే 27, ఆదివారం

మందిరం నుంచి అటే రాములమ్మ ఇంటికి పోయాను. ములకలపల్లి రోడ్డు మీద, ఊరి చివర. వెంకటి చొక్కా ఒకటి దండెం మీద ఉంది. ఉతికి ఆరేసింది. ఎవరు తొడుక్కున్నారని ఉతికింది? అడగలేదు.

పేర్లు చెప్పే రోజు దగ్గరికొచ్చిందని చెప్పాను. తలూపింది. టీ పెట్టింది. పెట్టి, పొయ్యి వైపు చూస్తూ —

"తీస్తే ఆయన లేడని నేనే చెప్పినట్టు గద అక్కా. ఊరంత అంటున్నరు, లేడని. నేనొక్కదాన్నే అంటలేను."

గాజులకూ మనిషి ప్రాణానికీ ఏం సంబంధం అన్నాను. మా అమ్మ సంగతి చెప్పాను. వాగు ఒడ్డున తీసింది, ఆ తర్వాత మా నాన్న ఎన్నో ఏండ్లు బతికాడు, మనవళ్లను ఎత్తుకున్నాడు. బాగా చెప్పాననే అనుకున్నాను.

రాములమ్మ టీ గ్లాసు నా ముందు పెట్టింది. "మీ నాయిన కండ్ల ముందట ఉండె గద."

టీ తాగి వచ్చేశాను. దారంతా నా మీద నాకే కోపం. బోధ చేయడానికి పోయానా నేను?

మే 30

సారుకు మళ్లీ ఫోను. ఒక్క మనిషికి, ఒక్క జత గాజులకు ఏదైనా దారి ఉందా? గుడ్డ చుడితే? ప్లాస్టిక్ తొడుగు?

"లోపల పగిలితే తొడుగు చిరుగుతుందమ్మా. మీకు తెలుసు." గొంతు తగ్గించి — "నాకూ ఇష్టం లేదు. కానీ తినేవాళ్లు ఎవరో మనకు తెలియదు కదా."

వాకిట్లో పెట్టిన రోజుల్లో తినేవాళ్లు ఎవరో మాకు తెలుసు. ఏ సీసా ఏ ఇంటికి పోయిందో తెలుసు. ఎవరింట్లో చంటిపిల్లలున్నారో వాళ్లకు కారం తక్కువ. ఇప్పుడు సీసా లారీ ఎక్కి పోతుంది, ఏ పిల్ల నోట్లోకి పోతుందో... ఆయన చెప్పిందాంట్లో తప్పులేదు. తప్పుంటే తిట్టుకుని పడుకునేదాన్ని.

జూన్ 2

మామిడి ఆఖరి బండి దిగింది. కాయ మెత్తబడింది. మబ్బు.

జూన్ 4

పేర్లు చెప్పేశాను. రాములమ్మ పేరు కూడా చెప్పాను. ఎందుకు చెప్పానో, దేవుడా.

జూన్ 5

రాములమ్మ తెల్లకోటు వేసుకుని వచ్చింది. గుండీలన్నీ పెట్టుకుంది. చేతులు రెండూ బోసిగా.

వదిన బేసిన్ ముందు నుంచి లేచి పక్కకు జరిగింది, చోటిస్తూ.

అప్పుడు చూశాను. కుడి మణికట్టు మీద గీతలు, ఒకటి లోతుగా. ఇంకా పచ్చిగా ఉంది.

"సబ్బు పెట్టినవా?"

"పెట్టిన. రాలే." తల వంచుకుని — "రాయి మీద పెట్టి కొట్టిన."

గాయమున్న చేయి పచ్చట్లో పెట్టకూడదు. సారు చెప్పక్కర్లేదు, అది మా అమ్మ కాలం నుంచీ ఉన్నదే. నేనే చెప్పాలి. చెప్పాను. మానేదాకా లోపలికి రావద్దని. నా నోటితోనే.

నవ్వింది రాములమ్మ. "ఉంటే వద్దంటివి, లేకున్నా వద్దంటివి. ఏం మనిషివి అక్కా నువ్వు."

కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది.

బయట అరుగు మీద కూర్చోబెట్టి మందు నీళ్లతో కడిగాను. లోపల ఒక పలుకు మెరిసింది, పిన్నుతో తీశాను. చేయి లాక్కోలేదు. నా చేయీ ఆమె చేయీ పక్కపక్కన... చూసేవాళ్లకు ఒక్క మనిషివే అనిపిస్తాయి.

"నీకెన్ని రోజులకు అలవాటైంది?" అని అడిగింది.

నేను చిన్నప్పుడే తీసేశాను, నాకు గుర్తులేదన్నాను. అమ్మకు ఎన్ని రోజులు పట్టిందో. అమ్మ ఉన్నన్నాళ్లూ అడగాలని తోచలేదు.

జూన్ 7

గాయం కొంచెం చీము పట్టింది. దవాఖానాకు తీసుకుపోయాను. సూది. మెడలో గాజులు కట్టుకున్న వాళ్లంతా గుండీలు గొంతు దాకా పెట్టుకునే తిరుగుతున్నారు, ఆమె ముందు చప్పుడు రాకుండా.

జూన్ 8

వాన. రాములమ్మ వచ్చింది. పనేం లేదన్నా వచ్చింది. అరుగు మీద కూర్చుని వెల్లుల్లి పొట్టు తీస్తానంటే, చేతికి కట్టుంది వద్దన్నాను. ఊరికే కూర్చుంది.

జూన్ 11

కట్టు విప్పాం. పైన చర్మం పట్టింది. ఇంకో రెండు మూడు రోజులు ఆగుదామన్నాను. సరే అంది.

మధ్యాహ్నం వాన వెలిసింది. మేము లోపల నిమ్మకాయలు కోస్తున్నాం. రోడ్డు మీద పెద్ద చప్పుడు. బోరు బండి, ముందొకటి, వెనక పైపుల లారీ. మామూలుగా ఆగవు ఇక్కడ. ఈరోజు మలుపు దగ్గర ఆగాయి. ఇంజను ఆపారు.

అరుగు మీద రాములమ్మ లేచి నిలబడింది. రోడ్డు వైపు రెండడుగులు వేసింది. ఆగి, రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది.

నేను కత్తి కింద పెట్టాను. వదిన కూడా. బండి డోరు తీసిన చప్పుడైంది, ఎవరో దిగారు. జాలీలోంచి లారీ తప్ప నాకేం కనబడలేదు.